కుటుంబ సభ్యులందరికీ

సుధాసాగరం పబ్లికేషన్స్‌లో పని ఆలస్యమైతే నాలుగు తిట్లతో పోయేది. ‘థాంక్యూ సార్’ ఆలస్యమైతే మాత్రం అంత తేలిగ్గా పోయేది కాదు.

మాచర్ల ఊరి చివర, పత్తి గోడౌను పక్కన ఉంటుంది ఆ కంపెనీ. పదో తరగతి గైడ్లు, మోడల్ పేపర్లు, పోటీ పరీక్షల బిట్ బ్యాంకులు వేస్తారు. ఛైర్మన్ సాంబశివరావు గారికి మిరప పొలాలున్నాయి, పార్టీలో పదవి ఉంది, దానికి తగ్గ గొంతు ఉంది. ఇవన్నీ చాలవన్నట్టు ఆఫీసు వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. దాని పేరు ‘మన కుటుంబం’. తెల్లారేసరికి ఆయన అందులో ఒక సందేశం పెడతారు. ‘శుభోదయం. మన కుటుంబ సభ్యులందరికీ...’ అని మొదలై, క్రమశిక్షణ మీదుగా, చీమల మీదుగా, తేనెటీగల మీదుగా సాగి సాగి, నిన్న ఎవరు ఆలస్యంగా వచ్చారో అక్కడికి చేరి ఆగుతుంది. ఆయన పొగిడినా, తిట్టినా, ఆదివారం పనికి రమ్మన్నా, కింద అందరూ ‘థాంక్యూ సార్’ అని పెట్టి దణ్ణం బొమ్మ తగిలించాలి. పెట్టని వాళ్ళ పేర్లు మేనేజర్ గోపాలకృష్ణ పొద్దున ప్రార్థన అయ్యాక అందరి ముందూ పైకి చదివేవాడు. కన్నతండ్రికి కూడా ఎవరూ అన్ని దణ్ణాలు పెట్టరు. ఛైర్మన్ గారు మాత్రం రోజూ పెట్టించుకునేవారు, పైగా దానికి కుటుంబమని పేరు.

సౌందర్య అక్కడ డీటీపీ చేసేది. చేరిన కొత్తలో ఒకసారి తన పేరు చదివించుకుంది. నలభై మందిలో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ తర్వాత ఫోను మోగితే చాలు, ఆమె బొటనవేలు తన పని తాను చేసుకుపోయేది. పొయ్యి మీద పాలున్నా సరే, చేతికి పిండి ఉన్నా సరే. మొదటి వాక్యం కూడా చదవనక్కర్లేదు. రానురాను గ్రూపులో మొదటి థాంక్యూ ఆమెదే అయింది. ఉగాదికి ఛైర్మన్ గారు ఆమెకు శాలువా కప్పి, స్పందించడం ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. సౌందర్య మురిసిపోయింది, ఆ మాట దాచాల్సిన పని లేదు. ఏడాదంతా తిట్లు తినే మనిషికి శాలువా కప్పితే ఎవరైనా మురిసిపోతారు.

ఆమె పక్క టేబుల్ బ్రహ్మం గారిది. ప్రూఫులు దిద్దేవాడు. దుర్గిలో రాతి శిల్పాలు చెక్కే ఇంట్లో పుట్టి, ఉలి వదిలేసి ఎర్ర పెన్ను పట్టుకున్నాడు. “రాయిలో తప్పు పోయిందంటే పోయినట్టేనమ్మాయ్. కాగితం మీదైతే కొట్టేసి పక్కన రాసుకోవచ్చు. అందుకే ఇటొచ్చా” అనేవాడు. రోజూ దుర్గి నుంచి బస్సులో వచ్చి, బస్సులోనే పోయేవాడు. సౌందర్యకు ఆయన బాబాయి.

ఆఫీసుల్లో వరసలు కలుపుకుని పిలుచుకోవడం మామూలే. వీళ్ళది పిలుపుతో ఆగిపోయిన వరస కాదు. సౌందర్యకు తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి లారీ మీద తిరుగుతూ ఉండేవాడు. తొలి కాన్పుకు వెళ్దామంటే పుట్టిల్లంటూ లేదు. ఆ సంగతి మొగుడి నోట విని బ్రహ్మం గారి భార్య పోలమ్మ బస్సెక్కి మాచర్ల వచ్చింది. సౌందర్య అత్తగారి ముందు కూర్చుని, “మా పిల్లను పురిటికి తీసకపోతన్నా వదినా” అంది. అడగలేదు, చెప్పింది. దుర్గిలో ఆ ఇంటి వెనక గదిలోనే సౌందర్య పథ్యం తిన్నది. పోలమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని బిడ్డను వాటి మీద పడుకోబెట్టి నీళ్ళు పోసింది. ఉయ్యాల్లో వేసి పేరు పెట్టింది కూడా ఆ ఇంట్లోనే. తిరిగి వచ్చేటప్పుడు పోలమ్మ చీర పెట్టి, బొట్టు పెట్టి, సొంత కూతురు కవితను తోడిచ్చి పంపింది. ఆ రోజు నుంచి సౌందర్య ఎవరితోనైనా ‘మా పుట్టిల్లు’ అంటే అది దుర్గి. అక్కడికి వెళ్ళినప్పుడు చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి పోయి, గిన్నెల మూతలు తీసి చూసేది. పోలమ్మ విసుక్కునేది. “ఏమే, వచ్చీ రాంగానే గిన్నెలెందుకే, కాళ్ళు కడుక్కో ముందు.” ఆ విసుగు కోసమే వెళ్ళేది ఆమె.

ఆ వేసవిలో బ్రహ్మం గారికి ఛాతీలో నొప్పి మొదలైంది. మెట్లెక్కితే ఆగి ఆగి ఎక్కేవాడు. గుంటూరు డాక్టరు పరీక్షలు చేయాలి, వచ్చి చేరమన్నాడు, అప్పటిదాకా పని మానుకుని పడుకోమన్నాడు. బడులు తెరిచేలోపు గైడ్లు బయటికి రావాలి కాబట్టి కంపెనీకి అదే సీజను. బ్రహ్మం గారు సెలవడిగాడు. మర్నాడు గ్రూపులో సందేశం వచ్చింది. ‘శుభోదయం. మన కుటుంబ సభ్యులందరికీ. సీజన్‌లో సెలవు అడిగేవారు కుటుంబ సభ్యులు కారు, చుట్టపుచూపుగా వచ్చినవారు. నొప్పులు అందరికీ ఉంటాయి. బాధ్యత కొందరికే ఉంటుంది.’

దీన్ని మాత్రం సౌందర్య చివరిదాకా చదివింది. ఎవరి గురించో తెలిసింది. మనసు చివుక్కుమంది. కాసేపు ఫోను బోర్లించి పెట్టింది. మళ్ళీ తీసి, ‘థాంక్యూ సార్’ పెట్టింది.

ఆఫీసుకు వచ్చాక బ్రహ్మం గారి మొహం చూడలేకపోయింది. “బాబాయ్, పొద్దున నేను...” అని ఆగింది.

“నేనూ పెట్టాలేవే” అన్నాడాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ. “నాకు సెలవు ఇయ్యనందుకు నేనే థాంక్యూ చెప్పా. చానా మర్యాదస్తుణ్ణి నేను.”

“నవ్వబాక బాబాయ్. నేను పోయి ఛైర్మన్ గారితో మాట్టాడతా.”

“ఏం మాట్టాడతావు? రేపట్నుంచి నీ పేరు చదువుతారు. నీకు పిల్లుంది. ఈ సీజనైపోనీ, గుంటూరు పోతాలే.”

సౌందర్య వెళ్ళి మాట్లాడలేదు. వద్దన్నది ఆయనే కదా అనుకుంది. మనకు ధైర్యం లేని చోట ఎదుటివాళ్ళు వద్దంటే ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేం.

ఆయన సీజను చివరిదాకా ఉండలేదు. కొన్నాళ్ళకు ఒక తెల్లవారుజామున, మొదటి బస్సు కోసం స్నానానికి లేచి, దొడ్లో కుప్పకూలిపోయాడు. పోలమ్మ అరుపుకు ఇరుగుపొరుగు వచ్చేసరికే ప్రాణం పోయింది. ఇంకా చీకటి వీడకముందే ఆయన ఫోను మోగింది. పేజీలు ఎంతవరకు వచ్చాయో కనుక్కుందామని గోపాలకృష్ణ చేశాడు. పక్కింటాయన ఎత్తి విషయం చెప్పాడు. ఆఫీసుకు అలా తెలిసింది.

మాచర్లలో సౌందర్య పాలు కాస్తూ ఉంది. ఫోను మోగింది. ‘శుభోదయం. మన కుటుంబ సభ్యులందరికీ’ అన్నంత వరకు కనిపించింది. వేలు పని అయిపోయింది. పాలు పొంగకముందే స్టవ్ ఆపింది. కూతురికి జడ వేయడానికి దువ్వెన వెతుక్కుంటూ ఉండగా మళ్ళీ ఫోను. ఆఫీసు వ్యాను నడిపే రిజ్వాన్.

“అక్కా, మెసేజ్ చదివావా?”

“ఏంది, మళ్ళా ఆదివారం రమ్మన్నాడా?”

“కిందదాకా చదువక్కా” అని అతను పెట్టేశాడు.

చదివింది. పైన రోజూ ఉండేవే ఉన్నాయి. ఎన్ని పేజీలు ప్రెస్సుకు వెళ్ళాలి, బైండింగు ఎందుకు వెనకబడింది, చీమలు ఎంత కష్టపడతాయి. అన్నీ అయ్యాక చివర్లో ఉంది. ‘మరొక విషయం. మన ప్రూఫ్ విభాగం బ్రహ్మం గారు ఈ తెల్లవారుజామున గుండెపోటుతో మరణించారు. వారి ఆత్మకు శాంతి కలగాలి. వారి పేజీలు ఈ రోజు సౌందర్య చూస్తుంది.’

దాని కిందనే ఆమె పేరు. థాంక్యూ సార్. దణ్ణం. ఆ కింద ఇంకొకరు, ఆ కింద మరొకరు. ఆమె చూస్తూ ఉండగానే ఇంకో రెండు వచ్చి చేరాయి.

సౌందర్య దువ్వెన పట్టుకునే నేల మీద కూలబడింది. ఏడుపు కూడా వెంటనే రాలేదు. తన మెసేజ్ చెరిపేసింది. చెరిపేసిన చోట చెరిపేసినట్టు ఒక గుర్తు మిగిలింది, పాడు ఫోను అది కూడా దాచుకోదు. ఆమెను చూసి మిగతావాళ్ళు కూడా చెరిపేయడం మొదలుపెట్టారు. ఛైర్మన్ గారికి కోపమొచ్చింది. ‘పెట్టినవి తీసేయడం క్రమశిక్షణ అనిపించుకోదు’ అన్నారు. దాని మీద గోపాలకృష్ణ, ‘అందరూ ఓం శాంతి అని పెట్టవచ్చును’ అని ఆజ్ఞ జారీ చేశాడు. అలవాటైన చేతులు కదా, వరసగా ‘ఓం శాంతి సార్’ అని పెట్టారు. పోయింది బ్రహ్మం గారు, శాంతి మాత్రం సార్‌కు చేరింది.

కవితకు ఫోను చేసింది సౌందర్య. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. చీర మార్చుకుంటూనే గోపాలకృష్ణకు చేసింది.

“సార్, నేను దుర్గి పోతన్నా.”

“ఒక్కదానివే ఎందుకు పోవటం? ఆఫీసు తరఫున మధ్యాహ్నం లోపే వ్యాను పోద్ది. పూలచక్రం చెప్పాం. ఎవరికి వాళ్ళు పోతే కంపెనీకి ఏం మర్యాద చెప్పు? ముందొచ్చి ఆయన పేజీలు అందుకో, ప్రెస్సు ఆగిపోయింది.”

“నేను ఆయన మొహం చూడాలి సార్.”

“చూస్తావమ్మా. మనం పోకుండా ఎత్తుతారా?”

ఆ మాట ఆమె నమ్మింది. నమ్మడం ఇష్టమై నమ్మిందా, కాదనే అలవాటు లేక నమ్మిందా అని తర్వాత చాలాసార్లు అనుకుంది. ఆ పూట మాత్రం ఆఫీసుకు వెళ్ళింది.

బాబాయి టేబుల్ మీద పేజీలు నిన్న ఆపిన చోటే ఉన్నాయి. సగం పేజీ దాకా ఎర్ర గుర్తులు, ఆ కింద ఏమీ లేదు. ఆ ఏమీ లేని చోటు నుంచి ఆమెను మొదలుపెట్టమన్నారు. అక్షరాలు అలుక్కుపోతుంటే పైటతో కళ్ళు తుడుచుకుంటూ దిద్దింది. దుర్గి బస్సు ఆఫీసు ముందు నుంచే పోతుంది. చెయ్యెత్తితే ఎక్కడైనా ఆపుతారు. కిటికీలోంచి ఒక బస్సు పోవడం చూసింది, ఇంకోటి పోవడం చూసింది. పూలచక్రం నరసరావుపేట నుంచి రావాలన్నారు. వచ్చింది. దాని మీది రిబ్బను మీద కంపెనీ పేరు చిన్నదైందని ఛైర్మన్ గారు వెనక్కి పంపారు. పెద్ద అక్షరాలతో ఇంకోటి ఇక్కడే చేయించారు. ఎండ నెత్తి మీది నుంచి పడమటికి దిగాక గానీ వ్యాను కదల్లేదు.

దుర్గిలో వ్యాను ఆ వీధిలోకి తిరిగింది. ఎప్పుడు వెళ్ళినా టకటకమంటూ ఉలి చప్పుళ్ళతో ఉండే వీధి అది. ఒక్క ఉలీ మోగడం లేదు. సగం చెక్కిన నంది, ఇంకా కళ్ళు దిద్దని అమ్మవారు ఎండలో ఊరికే ఉన్నాయి. ఇంటి ముందు షామియానా వేసి ఉంది. వాకిలి తడితడిగా ఉంది. అప్పుడే కడిగి నీళ్ళు కొట్టారు. చావింటి వాకిలి ఎప్పుడు కడుగుతారో తెలియనిదా ఆమెకు! వ్యాను ఆగకముందే తలుపు తోసుకుని దిగింది. దిగి, ముందుకు అడుగు పడక అక్కడే నిలబడిపోయింది.

“అయ్యో, ఎత్తేశారే, కాస్త ఆగితే బాగుండేది” అన్నాడు గోపాలకృష్ణ, బస్సు తప్పిపోయినవాడిలా.

మనిషి లేడని పూలచక్రం తిరిగి తీసుకుపోలేరు కదా. బ్రహ్మం గారి ఫోటో ఒక కుర్చీలో పెట్టి ఉంటే, దానికి ఆనించారు. రిబ్బను సరిచేశారు. అందరూ వరసగా నిలబడ్డారు. “సౌందర్యా, ముందుకు రా, ఆ ఇంటికి దగ్గరిదానివి” అన్నాడు గోపాలకృష్ణ. ఎవరో ఫోటో తీశారు. ఆమె ఎటు నిలబడమంటే అటు నిలబడింది.

లోపల్నుంచి ఒక ముసలామె కేక వేసింది. “ఆఫీసోళ్ళొచ్చారు, మంచినీళ్ళియ్యండమ్మా.”

కవిత పళ్ళెంలో గ్లాసులు తెచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. గోపాలకృష్ణకు ఇచ్చింది, పక్కాయనకు ఇచ్చింది, అదే చేత్తో సౌందర్య ముందుకూ పళ్ళెం చాపింది. “తీసుకోండి” అంది. ఆ ఇంట్లో ఎన్నిసార్లు కుండలో గ్లాసు ముంచుకుని తాగిందో సౌందర్యకు లెక్క లేదు.

“కవితా, నాకెందుకు ఫోన్ చెయ్యలేదే?”

“చేద్దామనే నాన్న ఫోన్ తీశానక్కా. నీ నెంబరు అందులో ఉందని. తీసేసరికి గ్రూపులో నీ మెసేజే ఉంది. మొదటి పేరే నీది.” గొంతు పెంచకుండా చెప్పింది కవిత. “అమ్మ చుట్టూ అందరున్నారు. ఆఫీసోళ్ళు ఏమన్నారు, చదవ్వే అన్నారు. చదివా.”

“నేను చూడలేదే. చదవకుండా పెట్టా. ఒట్టే, నా బిడ్డ మీద ఒట్టు.”

“సరేలే అక్కా” అని కవిత పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. ఆ ‘సరేలే’ కంటే చెంప మీద కొట్టినా బాగుండేదనిపించింది.

సౌందర్య లోపలికి వెళ్ళింది. పోలమ్మ గోడకు జారగిలబడి కూర్చుని ఉంది. కాళ్ళు చాపుకుని ఉంది, బిడ్డకు నీళ్ళు పోసినప్పుడు చాపుకున్నట్టే. సౌందర్య ఆ కాళ్ళ దగ్గర పడిపోయింది. “పిన్నీ, పిన్నీ” అనడం తప్ప ఇంకో మాట రాలేదు. పోలమ్మ చెయ్యి ఆమె తల మీదికి రాలేదు. గొంతు మాత్రం వచ్చింది.

“ఫోన్లో ఏందో పెట్టావంటనే. మా కవిత చదివి ఒకటే ఏడుపు. నేనే కసిరా. అది చూసుకోక పెట్టి ఉంటది, దాని సంగతి నాకు తెలవదా, తెలిసిన కాడ నుంచి పరిగెత్తుకుంటా వస్తా ఉంటది చూడు అన్నా.”

“పిన్నీ...”

“బస్సు చప్పుడైనప్పుడల్లా చూడమన్నా. పెద్దోళ్ళు ఎండకి ఆగదు లేపుదామన్నారు. పెద్దపిల్ల రావాల, ఆగండన్నా. పెద్దపిల్ల ఎవురమ్మా, నీకున్నది ఒక్కతేగా అన్నారు. మాచర్లలో ఉంది, వస్తా ఉంది అన్నా. పాడె ఎక్కించినాక కూడా ఆపిచ్చా. నలుగురూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.” పోలమ్మ ఆగి, కొంగుతో మూతి తుడుచుకుంది. “యాడుండావే అప్పుడు?”

సౌందర్యకు అబద్ధం రాలేదు. “ఆఫీసులో ఉండా పిన్నీ. బాబాయి పేజీలు చూస్తన్నా.”

పోలమ్మ తల ఊపింది. కోపం ఉంటే బాగుండేది, దాన్ని పట్టుకుని బతిమాలుకోవచ్చు. కోపం లేదు.

“నిన్ననేది ఏముందిలే. ఆయనా అంతే. పనుంది, పనుంది అనుకుంటానే పోయాడు. మీ ఆఫీసోళ్ళు మనుషుల్ని అట్టా చేస్తారు కాబోలు.” కాళ్ళు వెనక్కి తీసుకుంది. “లెయ్యమ్మా. మీవోళ్ళు వ్యాను కాడ నిలబడ్డారు. పొద్దుపోయిద్ది.”

“నేను పోను. నేనీడే ఉంటా పిన్నీ, పెద్దకర్మ దాకా ఉంటా.”

పోలమ్మ ఉండమనీ అనలేదు, వద్దనీ అనలేదు. మొహం గోడ వైపు తిప్పుకుంది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఆమెను కాసేపు ఒంటరిగా ఉండనివ్వమన్నట్టు సౌందర్య వైపు చూశారు. సౌందర్య లేచి బయటికి వచ్చింది.

వ్యాను హారను కొట్టింది. గోపాలకృష్ణ చెయ్యి ఊపాడు. ఆమె కదల్లేదు. “రేపు పేజీలు ఎవరు చూస్తారు?” అని అక్కడి నుంచే అరిచాడు. ఆమె వినిపించుకోలేదు. రిజ్వాన్ ఒకసారి అద్దంలోంచి వెనక్కి చూసి, వ్యాను పోనిచ్చాడు. కాసేపటికి ఆమె సంచీలో ఫోను వరసగా మోగడం మొదలుపెట్టింది. పూలచక్రం ఫోటో గ్రూపులో పెట్టి ఉంటారు. జన్మలో మొదటిసారి దాన్ని తీయాలనిపించలేదు, ఆపేసింది. ఆ ఆపడమేదో పొద్దున ఆపి ఉంటే, ఒక బస్సుకు చెయ్యెత్తి ఉంటే, బాబాయి మొహం దక్కేది.

షామియానా కింద ఒక కుర్చీలో కూర్చుంది. శ్మశానానికి వెళ్ళిన మగవాళ్ళు స్నానాలు చేసి తడిబట్టలతో వచ్చి, దీపం చూసి వెళ్ళిపోయారు. లోపల ఎవరో పోలమ్మ చేత రెండు గుక్కల పాలు తాగించాలని బతిమాలుతున్నారు. ఆ గొంతు ఎవరిదో సౌందర్యకు తెలియదు. అది తాను చేయాల్సిన పని. సామాను అద్దెకిచ్చినాయన ఆటో తెచ్చి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. వాకిలంతా ఖాళీ చేసుకుంటూ ఆమె దగ్గరికి వచ్చి ఆగాడు.

“కుర్చీ ఇస్తారా మేడం? ఇదొక్కటే మిగిలింది. తమరు ఆఫీసు వాళ్ళా?”

సౌందర్య లేచి కుర్చీ ఇచ్చింది. అవునని గానీ కాదని గానీ అనలేకపోయింది. అతను దాన్ని కూడా పేర్చుకుని ఆటో తోలుకుపోయాడు.

గుమ్మంలోకి కవిత వచ్చింది. ఆమెను చూసింది. లోపల ఎవరో పిలిస్తే వెనక్కి వెళ్ళిపోయింది. తలుపు మూయలేదు. లోపల దీపం కనిపిస్తూనే ఉంది. మూడడుగులు వేస్తే గడప. పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల ఎవరో పిలవాలని వాకిట్లో నిలబడదు. ఆ సంగతి సౌందర్యకు తెలుసు. తెలిసే, ఎవరైనా లోపలికి రమ్మంటారేమోనని అక్కడే నిలబడి చూస్తూ ఉంది.